ఎడమవైపు పట్టీ

ఫిబ్రవరి 3

నా గబ్బిలానికి,

ముందుగా ఒక దిద్దుబాటు. నేను పడిపోలేదు. కూర్చున్నాను. మెట్ల మీద, నా ఇష్టంతో, కాస్త తొందరగా కూర్చున్నాను. "అమ్మమ్మా, పడ్డావటగా" అని నువ్వు రాసిన ముక్క కింది వాటావిడ నోట్లోంచి ఊడిపడిందని నాకు తెలుసు. ఆవిడకు రేడియో అని నేను ఊరికే పేరు పెట్టలేదు. రేడియోకైనా ఒక మీట ఉంటుంది, తిప్పితే ఆగుతుంది. ఈవిడకు అదీ లేదు.

ఫోన్ ఎత్తడం లేదని కూడా నిష్ఠూరమాడావు. ఫోన్‌లో నువ్వు సగం వింటావు, మిగతా సగానికి ఏడుస్తావు. కాగితం మీద అయితే ఇద్దరం కాస్త మర్యాదగా ఉంటాం. ఎలాగూ నీ పట్టీల పెట్టె వారం వారం ఇటూ అటూ తిరుగుతూనే ఉంది. అందులో ఒక కాగితం పడేస్తే బరువేం పెరగదు.

పట్టీలు నువ్వు చెప్పినట్టే పెట్టుకుంటున్నాను. ఎర్ర చుక్కది మెడకు ఎడమవైపు, నీలం చుక్కది కుడివైపు. కింద చల్లటి జెల్, పైన పట్టీ. అద్దంలో చూసుకుంటే నాకెవరో రెండు తపాలా బిళ్ళలు అంటించి ఎక్కడికో పంపబోతున్నట్టుంది. ఇవేమిటని రేడియో అడిగింది. "మా మనవరాలు మనిషి చెవికి అందని శబ్దాన్ని నా మెడలోకి పంపి, రక్తం తలకు ఎంత ఎక్కుతోందో వింటోంది" అన్నాను. "మీ తలకు ఎప్పుడూ ఏదో ఒకటి ఎక్కుతూనే ఉంటుంది లెండి" అంది. ఆ మాట మాత్రం బాగుంది, ఒప్పుకోవాలి.

చదువైన కొత్తలో నువ్వొక తొట్టె చేశావు చూడు, నీకు గబ్బిలం అని పేరు తెచ్చిన ఆ వినపడని శబ్దంతోనే నీళ్ళలో మురికి వదిలించేది. నా కళ్ళజోడూ మీ తాతయ్య కట్టుడు పళ్ళూ కలిపి అందులో వేశావు. "నా పళ్ళు నాకంటే చిన్నవైపోయాయే" అని పోయేదాకా మురిసిపోయారాయన. ఆ తొట్టె ఇంకా ఉంటే చెప్పు, కళ్ళజోడు పంపుతాను. ఎడమ అద్దం అప్పుడప్పుడూ పైనుంచి కిందికి తెర దించినట్టు మసకబారుతోంది. తుడిచి కాసేపు ఊరుకుంటే పోతోంది. కుడి అద్దానికి ఏ రోగమూ లేదు. చవకరకం సరుకు.

కుక్కర్ కూడా మొరాయించింది. మూత బిగుతుగా ఉందని రేడియో పెద్ద ఆరిందాలా వచ్చి రబ్బరు రింగుకు వంటనూనె పూసి వెళ్ళింది. వారం తిరక్కుండా రింగు ఉబ్బి, గాడిలో కూర్చోనంటోంది. ఆవిరంతా పక్కల్లోంచి పోతోంది. గిన్నెలో వండుకుంటున్నాను.

వేళకు తిని చావు.

నీ అమ్మమ్మ


ఫిబ్రవరి 9

అమ్మమ్మా,

సరే, కూర్చున్నావు. చేతిలో పాల సంచీ మెట్ల కింది దాకా దొర్లించి మరీ కూర్చున్నావు. రేడియో గారు అది కూడా ప్రసారం చేశారు.

తొట్టె ఎప్పుడో పాత సామాన్లలోకి పోయింది. కళ్ళజోడు గోరువెచ్చని నీళ్ళలో సబ్బుతో కడుక్కో. ఇప్పుడు అసలు సంగతి విను, జోకులు తర్వాత.

రక్తం ఎంత పారిందో పట్టీ రాసుకొచ్చే గీత ఉంది చూడు, నీ ఎడమవైపుది ప్రతి వారం కాస్త కాస్త కిందికి జారుతోంది. కుడివైపుది నిలకడగా ఉంది. మా ల్యాబ్ పెద్దాయన తెర ముందు చాలాసేపు నిలబడి చూశారు. ఆయన గురించి నీకు చెప్పాను కదా, ఏం చెప్పినా "హూఁ" తప్ప ఇంకో మాట రాదు. ఈసారి రెండు హూఁలు వచ్చాయి. రెండోది మంచి హూఁ కాదు.

కారణం రెండింట్లో ఒకటి. పట్టీ లోపల పింగాణీ లాంటి సన్నటి పలక ఉంటుంది. కరెంటు తగిలితే అది అదిరి శబ్దం పుట్టిస్తుంది, తిరిగొచ్చే ప్రతిధ్వనినీ అదే వింటుంది. దాన్ని రబ్బరు పొరకు జిగురుతో అతికించాం. జిగురు ఊడి మధ్యలో గాలి చేరితే శబ్దం అక్కడే ఆగిపోతుంది, గీత పడిపోతుంది. అది ఒకటి. రెండోది, పట్టీ బాగానే ఉంది, నీ మెడలో రక్తనాళమే ఇరుకవుతోంది.

ఏదో తేల్చడం తేలిక. పట్టీలు అటూ ఇటూ మార్చు. ఎర్ర చుక్కది కుడివైపు, నీలం చుక్కది ఎడమవైపు పెట్టుకో. అప్పుడు కూడా ఎర్రదాని గీతే జారితే తప్పు పట్టీది. నీలందాని గీత జారడం మొదలైతే తప్పు నీ మెడది. అలా అయితే ఆ రోజే నేను బయల్దేరి వస్తాను.

మార్చి 10న పట్టీల సంగతి తేల్చే కమిటీ కూర్చుంటోంది. వాళ్ళు సరే అంటే పట్టీలు ఆసుపత్రికి వెళ్తాయి, నా ఉద్యోగం నిలుస్తుంది. కాదంటే ఆ నెలాఖరుకు నా బల్ల ఖాళీ చేయాలి. అందుకే చెబుతున్నాను, జాగ్రత్తగా మార్చు.

గబ్బిలం


ఫిబ్రవరి 15

గబ్బిలమా,

మార్చాను. ఎర్రది కుడికి, నీలంది ఎడమకు. రెండు తెలియనివి ఉంటే రెండు సమీకరణాలు కావాలని ఎన్ని తరగతుల పిల్లలకు చెప్పానో నీకు తెలుసు. నాకు నువ్వు ఎర్ర చుక్క, నీలం చుక్క అని బాలశిక్ష చెప్పనక్కర్లేదు.

ఇక బయల్దేరడం అనే మాట. ఆ మాట ఇంకోసారి నీ ఉత్తరంలో కనపడకూడదు. మీ తాతయ్య మంచాన పడ్డప్పుడు కూడా ఇలాగే ఉన్నపళంగా బయల్దేరావు. గొట్టాల అతుకుల్లో పగుళ్ళు శబ్దంతో పసిగట్టే ఆ ఉద్యోగం ఎంత ఇష్టంగా చేసేదానివి! మీ తాతయ్య పక్కన కూర్చుని నువ్వు ఆయనకు చేసిందేమిటి? దిండు సర్దావు. దిండు నేనూ సర్దగలను. నువ్వు తిరిగి వెళ్ళేసరికి నీ కుర్చీలో ఇంకొకడు కాలు మీద కాలేసుకుని ఉన్నాడు. ఆ తర్వాత ఎన్నాళ్ళు ఖాళీగా తిరిగావో, ముద్ద దిగక ఎంత చిక్కిపోయావో చూసినదాన్ని నేను. నా మెడ కోసం నీ మెడ మీదికి తెచ్చుకోవద్దు.

మీ అమ్మ ఫోన్ చేసింది. నేను కులాసాగా ఉన్నానని చెప్పాను. ఉన్నాను కూడా.

ఆ హూఁ గారికి పెళ్ళాం ఉందా? ఉంటే ఆవిడ అదృష్టవంతురాలో దురదృష్టవంతురాలో తేల్చుకోలేకపోతున్నాను.

నీ అమ్మమ్మ


ఫిబ్రవరి 21

అమ్మమ్మా,

పెట్టె అందింది. ఎర్రదాని గీతే ఇంకా కిందికి పోయింది. కుడివైపు పెట్టినా పోయిందంటే ఇక సందేహం లేదు. తప్పు పట్టీది.

నీ మెడ బాగుంది. పొద్దుటి నుంచి ఆ ఒక్క ముక్కే నాకు నేను చెప్పుకుంటున్నాను. అదే పెద్ద మాట, తక్కింది చిన్న మాట, అని. చిన్న మాట కూడా చెబుతాను. పట్టీలన్నీ ఒకే జిగురుతో, ఒకే రోజు అతికించినవి. ఒకటి మెడ మీద ఊడితే తక్కినవీ ఊడతాయనే అనుకోవాలి. ఆసుపత్రిలో ఒక రోగి మెడ మీద ఇలాగే గీత జారితే, నాళం మూసుకుపోతోందో జిగురు ఊడుతోందో ఎవరు చెప్పగలరు? చెప్పలేని పరికరం ఎవరికి కావాలి?

ఈ మాటే పెద్దాయనతో అన్నాను. హూఁ కూడా అనలేదు. కిటికీ దగ్గరికి వెళ్ళి నిలబడ్డారు. పక్క బల్ల అమ్మాయి అప్పుడే తన పుస్తకాలు అట్టపెట్టెలో సర్దుకుంటోంది. "ఇప్పటి నుంచే ఎందుకే?" అంటే, "తర్వాత పెట్టెలు దొరకవు" అంది.

కమిటీకి నేనే ముందుగా రాసేస్తాను, పరికరం ఇంకా సిద్ధంగా లేదని. వాళ్ళతో చెప్పించుకోవడం కంటే అది నయం. ఈ ఆదివారం రాస్తాను.

పట్టీలు ఇంకొక్కసారి పెట్టుకుని పంపు, లెక్క పూర్తవుతుంది.

గబ్బిలం


ఫిబ్రవరి 26

ఒసే గబ్బిలం,

ఆదివారం వెళ్ళిపోయింది. ఆ ఉత్తరం రాయలేదని ఆశపడుతున్నాను. రాసి ఉంటే వెనక్కి తీసుకో.

ఒక పట్టీ పాడైతే దాన్ని అవతల పారేసి ఇంకోటి తీసుకుంటారనుకున్నాను. దాని పాపానికి మొత్తం వంశాన్నే వెలివేస్తారని నాకెవరు చెప్పారు?

సంగతి ఇది. ఎర్ర చుక్క పట్టీ మొదటి నుంచీ నాకు గరుకుగా తగిలేది. జెల్ ఏమో మంచుముద్ద. అందుకని దానికి జెల్ మానేసి వంటనూనె రాస్తూ వచ్చాను. కుడికి మార్చాక కూడా అదే పని చేశాను. నూనెకు రబ్బరు ఉబ్బుతుందని కుక్కర్ రింగు చూశాకైనా నాకు బుద్ధి రావద్దూ? రాలేదు. కాబట్టి నీ జిగురు మంచిదే. నీ పలక మంచిదే. తప్పు వాడిన ముసల్దానిది. ఆ మాట కమిటీకి రాయి. పెద్దవాళ్ళ చేతికి ఏమిచ్చినా ఇంతేనని వాళ్ళూ ఇళ్ళల్లో చూసే ఉంటారు, ఇట్టే నమ్ముతారు.

పట్టీలు పెట్టెలో పెట్టాను. ఇక నాకు పంపొద్దు. నా మెడకు విశ్రాంతి కావాలి.

నీ అమ్మమ్మ


మార్చి 2

అమ్మమ్మా,

నవ్వాలో నెత్తి బాదుకోవాలో తెలియడం లేదు. జెల్ తప్ప ఇంకేదీ రాయకూడదని పెట్టె మూత మీద అచ్చేసి పంపాను. నువ్వు జీవితమంతా పిల్లలను "ప్రశ్న సరిగ్గా చదవండి" అని తిట్టినదానివి!

ఆదివారం ఉత్తరం రాశాను కానీ పంపలేదు, బతికిపోయాను. ఇప్పుడు కమిటీకి వేరే రాశాను. వాడిన వ్యక్తి నూనె రాయడం వల్ల ఎర్ర చుక్క పట్టీ చెడింది, దాని లెక్కలన్నీ కొట్టేయండి అని. పెద్దాయన చదివి సంతకం పెట్టారు. ఇంట్లోవాళ్ళకు ఇక పట్టీలు ఇవ్వొద్దని నాతో అనలేదు గానీ, పట్టీల బీరువా తాళం తన జేబులో వేసుకున్నారు.

కోపంతోనే రాస్తున్నాను, దాచుకోను. మూడు వారాలు నాకు అన్నం సయించలేదు. ఒక్క మాట ముందు చెబితే నీ సొమ్మేం పోయేది? "నాకు తెలుసులే" అనే నీ జబ్బు ఒకటుంది చూడు, దాన్ని కనిపెట్టే పరికరం ఎవరూ చేయలేదు.

కమిటీ అయ్యాక మాట్లాడతాను.

గబ్బిలం


మార్చి 6

గబ్బిలమా,

పెట్టె లేదు కాబట్టి బిళ్ళ అంటించి మామూలు తపాలాలో వేస్తున్నాను.

తిట్టావు. బాగానే తిట్టావు, వాక్యాలు పొందిగ్గా ఉన్నాయి. దాచుకుంటాను.

ఇక్కడ విశేషాలేం లేవు. నిన్న కుడిచేతిలోంచి గ్లాసు జారి పగిలింది. పట్టుకునే ఉన్నాననుకున్నాను. తడి గ్లాసు. రేడియో చప్పుడు విని పైకి వచ్చి, నా మొహం చూసి, ఒక్క మాట కూడా మాట్లాడకుండా గాజు ముక్కలు ఊడ్చి వెళ్ళింది. ఆవిడ మాట్లాడకపోవడం ఇదే మొదటిసారి. నాకు నచ్చలేదు.

అక్షరాలు వంకరగా ఉంటే పెన్నుది తప్పు. కమిటీ ముందు నిటారుగా నిలబడు. చేతులు కట్టుకోకు, నేరం చేసినదానిలా ఉంటావు.

అమ్మమ్మ


మార్చి 9

అమ్మమ్మా,

ఫోన్ చేశాను. "బాగున్నాను" అని పెట్టేశావు. అందుకే ఈ ఉత్తరం కొరియర్ మనిషి చేతికిచ్చి పంపుతున్నాను. సాయంత్రంలోగా నీకు అందుతుంది. నిలబడి చదవకు. కూర్చుని చదువు.

నూనెకు రబ్బరు ఎలా ఉబ్బిందో కమిటీకి ఫొటో చూపిద్దామని ఈ పొద్దున ఎర్ర చుక్క పట్టీ విప్పాను. పోలికకు ఇంకో పట్టీని వారంగా నూనెలో నానబెట్టి ఉంచాను. నానినది ఉబ్బి, అంచులు లేచి, చేతికి జిడ్డుగా తగిలింది. నీది అద్దంలా ఉంది. మందం కొలిచాను. తయారైన రోజు ఎంతో అంతే. నీళ్ళ తొట్టెలో పెట్టి శబ్దం పంపాను. కొత్తదాని లాగే బదులిచ్చింది. నూనె లేదు. జిగురు ఊడలేదు. ఎర్ర చుక్క ఏ తప్పూ చేయలేదు.

అంటే నువ్వు పట్టీలు మార్చలేదు. ఎర్రది ఎప్పుడూ ఎడమవైపే ఉంది.

నీ ఉత్తరాలన్నీ బల్ల మీద పరిచి మళ్ళీ చదివాను. ఎడమ అద్దం తెర దించినట్టు మసకబారుతోందని రాశావు. అద్దం కాదు అమ్మమ్మా. కన్ను. ఎడమ నాళం ఎడమ కంటికీ రక్తం ఇస్తుంది. కుడిచేతిలో గ్లాసు జారిందన్నావు. కుడిచేయి చెప్పినట్టు వినాలన్నా మెదడు ఎడమ సగానికి రక్తం ఆ ఎడమ నాళమే ఇవ్వాలి. మొదటి ఉత్తరంలోనే రాసి పంపితే, నేను సబ్బుతో కడుక్కోమన్నాను.

మా పలకకు ఒక లోపం ఉంది. తను వేసిన కేక తాలూకు అదురు తగ్గేదాకా, మరీ దగ్గర నుంచి వచ్చే ప్రతిధ్వనిని అది వినలేకపోతుంది. ఆ లోపం పలకకే ఉందనుకున్నాను.

ఇప్పుడు విను. రేపు పొద్దున కమిటీ. రేడియో గారికి ఫోన్ చేశాను. ఈ ఉత్తరం చదివేసరికి కారు గుమ్మం ముందు ఉంటుంది. ఆసుపత్రిలో పెద్ద యంత్రంతో మెడ చూస్తారు, మాట్లాడి పెట్టాను. నువ్వు కారెక్కితే నేను కమిటీకి వెళ్తాను, నూనె ఉత్తరం వెనక్కి తీసుకుని, కొట్టేయించిన గీతను మళ్ళీ నా చేత్తో పెడతాను. నువ్వు ఎక్కకపోతే నేను వచ్చే బస్సెక్కుతాను, కమిటీ ఏమైనా కానీ. నువ్వు లెక్కలు చెప్పినదానివి. ఏది లాభమో చూసుకో.

కోపంతో ఆ మాటలన్నాను. దాచుకోకు, చింపెయ్.

గబ్బిలం


మార్చి 12
ఆసుపత్రి, కిటికీ పక్క మంచం

నా గబ్బిలానికి,

చింపను. నా ఆస్తి.

కారెక్కాను. రేడియో నన్ను గుమ్మం దాటించిన తీరు చూస్తే దొంగను పట్టిచ్చినందుకు బహుమానం వస్తుందనుకున్నారు వీధిలో వాళ్ళు. దారంతా నా కుడిచేయి వదల్లేదు. "మీరు మెట్ల మీద పడ్డారని నేను చెబితే నన్ను అబద్ధాలకోరంటారా?" అంది. పడ్డాననే ఒప్పుకున్నాను. ఆవిడ ఆనందం చూడలేక కళ్ళు మూసుకున్నాను.

పెద్ద యంత్రం నీ పట్టీ చెప్పిందే చెప్పింది. ఎడమ నాళం చాలావరకు పూడిపోయిందట. డాక్టరు చిన్నవాడు, గడ్డం సరిగ్గా గీసుకోలేదు. "ఇన్నాళ్ళు ఎలా తెలియలేదమ్మా?" అన్నాడు. "తెలిసింది. నెల కిందటే తెలిసింది. తెలియకుండా చేయడానికి నేను పడ్డ కష్టం నీకు తెలియదు" అన్నాను. రెండో సమీకరణం నేను ఎగ్గొట్టాను, దాని బదులు నూనె కల్పించాను. నా విద్యార్థి ఎవరైనా అలా చేస్తే బెంచీ ఎక్కించేదాన్ని. నువ్వు అన్నీ వదిలేసి వస్తావని భయపడ్డాను. అంతకంటే ఎక్కువగా, గీత చెప్పింది నిజమేమోనని భయపడ్డాను. నా భయం పోవాలని నీ ఎర్ర చుక్క మీద నేరం మోపాను. నిన్ను దాచబోయి, నీ చేతే నీ పనిని తప్పని రాయించాను. అది మాత్రం మన్నించకు, కొంతకాలం ఉండనీ.

నిన్న ఫోన్‌లో నువ్వు చెప్పినదంతా విన్నాను, ఏడుపుతో సహా. కమిటీలో ఒకాయన, సొంత అమ్మమ్మ మెడను లెక్కలోకి తీసుకోలేమన్నాడట. న్యాయంగానే అన్నాడు. నేనైనా అదే అనేదాన్ని. నిర్ణయం ఇంకా చెప్పలేదంటే కాదన్నట్టు కాదు, అవునన్నట్టూ కాదు. ఆ బల్ల ఉంటుందో ఊడుతుందో నెలాఖరుకు చూద్దాం. కానీ మీ హూఁ గారు లేచి, "పరికరం నిజమే చెప్పింది. మనమే వినలేదు. అమ్మాయీ, నువ్వు ఇంటికి వెళ్ళు" అన్నారని చెప్పావే, అప్పుడు నా చుట్టూ ఉన్న గొట్టాలు చిక్కుపడేలా లేచి కూర్చున్నాను. ఆయన గొంతు ఎలా ఉంది? సన్నగా ఉంటుందా?

రేపు పొద్దున్నే మెడ కోసి నాళం శుభ్రం చేస్తారు. కమిటీకి ఇవ్వాల్సిన కాగితాలు ముగించి నువ్వు ఎక్కే బస్సు అప్పటికి రాదు. మాట గానీ చేయి గానీ పోయే ప్రమాదం కొంచెం ఉందని కాగితం మీద సంతకం తీసుకున్నారు. మాట పోతే రాస్తాను. చేయి పోతే చెబుతాను. రెండూ పోతే నువ్వు ఎన్ని తిట్టినా ఎదురు చెప్పేవాళ్ళుండరు, ఆ సుఖమూ అనుభవించు. నాకు భయంగా ఉంది. ఫోన్‌లో చెప్పలేక ఇక్కడ రాస్తున్నాను.

ఈ కాగితం రేడియో చేతికిస్తున్నాను, బస్సు దగ్గరికొచ్చి నీకిస్తుంది. చదివే ఇస్తుంది, ఏమనకు.

నువ్వు బస్సు దిగగానే ఆసుపత్రికి పరుగెత్తుకు రాకు. వచ్చినా లోపలికి రానివ్వరు, బయట కుర్చీలో కూర్చుని గోళ్ళు కొరుక్కోవాలి. ముందు ఇంటికి వెళ్ళు. వంటింటి తలుపు వెనక మేకుకు కుక్కర్ పాత రింగు వేలాడుతోంది. అది పట్టుకుని వీధి చివర సామాన్ల కొట్టుకు వెళ్ళు. రింగు ఉబ్బి ఉంది కాబట్టి దాని కొలత నమ్మకు, కుక్కర్ మూతే తీసుకెళ్ళి, కొత్త రింగు గాడిలో కూర్చోబెట్టి చూసి మరీ కొను. కొట్టువాడు అన్నీ ఒకటేనంటాడు, నమ్మకు. ఇంటికొచ్చి నీళ్ళతో తడిపి బిగించు. మొదట బిగుతుగానే ఉంటుంది, విసుక్కోకు. రేడియో నూనె సీసాతో వస్తుంది. రానివ్వకు. నూనెకు రబ్బరు ఉబ్బుతుంది. ఆ ముక్క ఒక్కటీ నేను అబద్ధం రాయలేదు.

నీ అమ్మమ్మ